పంట చేలలో వలయాలు: ఒక చిక్కుముడి విడిన కథ

ఇంగ్లండు దక్షిణ భాగంలో విల్ట్‌షైర్, హాంప్‌షైర్ అనే రెండు కౌంటీలు పక్కపక్కనే ఉన్నాయి. మన జిల్లాల వంటివే ఈ కౌంటీలు. అక్కడివన్నీ సుద్దరాతి గుట్టలు. వాటి వాలుల మీద మైళ్ళ పొడవునా గోధుమ, బార్లీ చేలు. జూన్, జులై నెలల్లో చేను నడుము ఎత్తు పెరిగి, కంకి వేసి, గాలికి అలలు అలలుగా ఊగుతూ ఉంటుంది.

అలాంటి చేను ఒకటి మీ మనసులో ఊహించుకోండి. సాయంత్రం రైతు చూసి వెళ్ళినప్పుడు పైరు నిండుగా నిలబడి ఉంది. తెల్లవారి వచ్చి చూస్తే, చేను నడిబొడ్డున 20 మీటర్ల వెడల్పున గుండ్రంగా పైరు నేలకు ఒరిగి ఉంది! కోత కోసినట్టు లేదు. కాడలు విరగలేదు. దువ్వెనతో దువ్వినట్టు అన్నీ ఒకే దిశలో సుడి తిరిగి పడుకున్నాయి. వలయం అంచు కొలబద్ద పెట్టి గీసినంత స్పష్టంగా ఉంది. అంచుకు జానెడు దూరంలో ఉన్న కంకి కూడా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. లోపలికి వెళ్ళిన అడుగుల జాడ ఎక్కడా లేదు.

ఇది ఎవరు చేశారు? లేక ఏది చేసింది?

1980వ దశకంలో ఈ ప్రశ్న ఇంగ్లండును, ఆ తర్వాత ప్రపంచాన్ని ఒక ఊపు ఊపింది. సుడిగాలి అన్నారు కొందరు. విద్యుత్తు నిండిన గాలి అన్నారు మరికొందరు. గ్రహాంతర వాసుల సందేశం అన్నారు ఇంకొందరు. చివరికి జవాబు తేలింది. అయితే ఆ జవాబుకన్నా అది తేలిన తీరే మనకు ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే ఈ కథలో మోసపోయినవారు అమాయకులు కారు. బాగా చదువుకున్నవారు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు. వారు ఎక్కడ తడబడ్డారో తెలుసుకొంటే, రేపు మన ముందుకు వచ్చే వింతలను పరీక్షించే పద్ధతి మనకు చిక్కుతుంది.

పడిన చేను వేరు, పడగొట్టిన చేను వేరు

ముందుగా మనకు తెలిసిన విషయంతో మొదలుపెడదాం. గోదావరి, కృష్ణా డెల్టాలలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వస్తే వరిచేలు పడిపోవడం మీరు చూసే ఉంటారు. కంకి బరువెక్కిన పైరుకు గాలి, వాన తోడైతే కాడ నిలవలేదు. నత్రజని ఎరువు మోతాదు మించితే కాడ పొడుగ్గా, మెత్తగా పెరిగి మరీ సులువుగా ఒరిగిపోతుంది. 1960వ దశకంలో వచ్చిన ఐ.ఆర్. 8 వంటి పొట్టి వరి వంగడాల గొప్పతనం కొంత ఇందులోనే ఉంది. కాడ పొట్టిగా, గట్టిగా ఉండటం వల్ల ఎరువు వేసినా పైరు నిలబడింది.

గాలికి పడిన చేనుకు ఒక లక్షణం ఉంది. దానికి ఆకారం ఉండదు. ఒకచోట ఒరిగి, ఇంకోచోట నిలబడి, అంచులు చిందరవందరగా ఉంటాయి. అప్పుడప్పుడు గాలి సుడి తిరిగి ఇంచుమించు గుండ్రని మచ్చలు ఏర్పడవచ్చు. కాని గీత గీసినట్టు అంచు ఏర్పడదు. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. మున్ముందు దీనితో పని ఉంది.

పాత కాగితాలు ఏమి చెబుతాయి?

పంట వలయాలు శతాబ్దాలుగా ఉన్నవేనని వాదించేవారు తప్పకుండా చూపే సాక్ష్యం ఒకటుంది. 1678లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి వెలువడిన చిన్న కరపత్రం అది. ఓట్లు పండించే ఒక రైతు దగ్గరికి కోత కూలివాడు వచ్చాడు. అతడు అడిగిన కూలి రైతుకు నచ్చలేదు. నీకిచ్చే బదులు దెయ్యం చేతే కోయించుకొంటానన్నాడు. ఆ రాత్రి చేను మంటల్లో ఉన్నట్టు కనిపించిందట. తెల్లవారేసరికి పైరంతా నున్నగా కోసి ఉందట. కరపత్రం మీద దెయ్యం కొడవలితో వలయాకారంగా కోస్తున్న బొమ్మ ఉంది.

బొమ్మ మాత్రమే చూస్తే ఇది పంట వలయమే అనిపిస్తుంది. కథ చదివితే అలా అనిపించదు. ఇక్కడ పైరును కోశారు, వంచలేదు. వలయాల్లో పైరును వంచుతారు, కోయరు. ఇది కూలి దగ్గర పేచీ పెట్టిన రైతుకు బుద్ధి చెప్పే నీతికథ. చరిత్ర చదివేవారు పాటించవలసిన మొదటి జాగ్రత్త ఇదే. పాత కాగితంలో ఉన్నదాన్ని చదవాలి గాని, మనకు కావలసినదాన్ని అందులోకి చొప్పించకూడదు.

రెండవ సాక్ష్యం దీనికన్నా గట్టిది. 1880లో సర్రే కౌంటీకి చెందిన జాన్ రాండ్ కాప్రన్ అనే ఆయన ‘నేచర్’ పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. గాలివాన తర్వాత గోధుమ చేలలో అక్కడక్కడా గుండ్రని మచ్చలుగా పైరు పడిపోయిందని, సుడిగాలి వల్ల కావచ్చని ఆయన అభిప్రాయపడ్డాడు. ఇది నిజమైన పరిశీలనే. కాని ఆయన వర్ణించింది తుపానుకు పడిన చేను. నిశ్చలమైన రాత్రి వెలసిన కొలతల బొమ్మ కాదు.

మూడవది 1966 జనవరి నాటిది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టల్లీ అనే ఊరి దగ్గర ఒక అరటి రైతు, మడుగులోంచి పళ్ళెం ఆకారంలో ఏదో పైకి లేచి వెళ్ళిపోవడం చూశానన్నాడు. ఆ చోట సుమారు 9 మీటర్ల వెడల్పున రెల్లు సుడి తిరిగి పడి ఉంది. పత్రికలు దానికి ‘ఎగిరే పళ్ళెం గూడు’ అని పేరు పెట్టాయి. అది పంటచేను కాదు, చిత్తడి నేల. అయినా ఈ వార్త మన కథలో చాలా ముఖ్యం. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో నివసించిన ఒక ఆంగ్లేయుడికి ఆ వార్త మనసులో నాటుకుపోయింది. ఆయన పేరు డగ్ బోవర్. ఆయన దగ్గరికి తర్వాత వద్దాం.

గాలి సిద్ధాంతం

1980 ఆగస్టులో విల్ట్‌షైర్‌లోని వెస్ట్‌బరీ దగ్గర చేలలో కనిపించిన వలయాల గురించి స్థానిక పత్రికలో వార్త వచ్చింది. మరుసటి ఏడు హాంప్‌షైర్‌లో చీజ్‌ఫుట్ హెడ్ అనే గుట్ట కింద మూడు వలయాలు వెలిశాయి. అది రోడ్డు మీద పోయేవారికి చక్కగా కనిపించే చోటు. ఇక ఏటా వేసవిలో వలయాల సంఖ్య పెరుగుతూ వచ్చింది.

వీటిని శాస్త్రీయంగా వివరించడానికి ముందుకు వచ్చినవాడు టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు. ఆయనది తీసిపారేయదగిన ఆలోచన కాదు. వలయాలు తరచు గుట్టల వాలు దగ్గర వస్తున్నాయి. గుట్టను దాటి వచ్చే గాలి ఆవలి వైపు సుడి తిరగడం మనకు తెలిసిందే. ఆ సుడి కదలకుండా ఒకేచోట నిలిచి, హఠాత్తుగా నేల మీదికి కూలితే పైరు గుండ్రంగా పడవచ్చు కదా! ఇది ఆయన పరికల్పన.

తర్వాత వలయం చుట్టూ మరో సన్నని వలయం ఉన్నవి వచ్చాయి. ఆ తర్వాత నాలుగు పక్కలా నాలుగు చిన్న వలయాలు ఉన్నవి వచ్చాయి. మామూలు సుడిగాలి ఇలాంటివి గీయలేదు. అందుకని మీడెన్ తన సిద్ధాంతాన్ని సవరించాడు. సుడిలో విద్యుదావేశం ఉంటుందని, అది ఒకరకమైన ప్లాస్మా సుడి అని అన్నాడు. జపానులో బంతి మెరుపుల మీద పనిచేస్తున్న వసేదా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రజ్ఞుడు యోషిహికో ఓత్సుకి కూడా ఈ ఆలోచన పట్ల ఆసక్తి చూపాడు. 1990లో ఆక్స్‌ఫర్డ్‌లో దీని మీద అంతర్జాతీయ సదస్సు కూడా జరిగింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కొత్త ఆకారం కనిపించిన ప్రతిసారీ సిద్ధాంతం దానికి తగినట్టు సాగింది. ఏ ఆకారం వచ్చినా సర్దుకుపోయే సిద్ధాంతాన్ని తప్పని ఎలా నిరూపించగలం? ఎలాంటి వలయం వస్తే నా సిద్ధాంతం తప్పవుతుంది అని ముందే చెప్పగలిగితేనే అది శాస్త్రీయ సిద్ధాంతం. బలంగా కనిపించే మీడెన్ వాదనలో బలహీనత ఇదే.

మరోవైపు పాట్ డెల్గాడో, కాలిన్ ఆండ్రూస్ అనే ఇద్దరు ఇంజనీర్లు చేలన్నీ తిరిగి, కొలతలు తీసి, విమానం నుంచి ఫోటోలు తీసి 1989లో ‘సర్క్యులర్ ఎవిడెన్స్’ అనే పుస్తకం ప్రచురించారు. వలయాల వెనుక మనకు తెలియని తెలివి ఏదో ఉందన్నది వారి భావన. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది.

1990: గుట్ట మీద పహరా

1990 వేసవిలో వలయాలు రూపు మార్చాయి. వృత్తాలను కలుపుతూ నిటారు గీతలు, పక్కన దీర్ఘచతురస్రాలు, గోళ్ళలాంటి కొసలు వచ్చాయి. జులైలో విల్ట్‌షైర్‌లోని ఆల్టన్ బార్న్స్ దగ్గర చేనులో పాతకాలపు చిత్రలిపి లాంటి పొడవాటి బొమ్మ వెలిసింది. చూడటానికి జనం బారులు తీరారు. లెడ్ జెపెలిన్ అనే ప్రసిద్ధ సంగీత బృందం తమ ఆల్బం అట్ట మీద ఆ బొమ్మనే వేసుకొంది.

ఆ నెలలోనే బ్రాటన్ కోట గుట్ట మీద పెద్ద పహరా ఏర్పాటైంది. డెల్గాడో, ఆండ్రూస్ దానికి నాయకులు. బి.బి.సి., జపాను టెలివిజన్ వారు కెమెరాలు బిగించారు. సైన్యం సహకరించింది. వలయం ఏర్పడుతుండగా పట్టుకోవాలన్నది ఆశయం. జులై 25 తెల్లవారుజామున కెమెరాల ముందున్న చేలోనే వలయాలు కనిపించాయి! ఉత్సాహం పట్టలేక వార్త ప్రపంచానికి చాటారు. కొద్ది గంటల తర్వాత చేలోకి దిగి చూస్తే వలయాల మధ్యలో కొయ్య శిలువలు, జాతకాల ఆట అట్టలు పెట్టి ఉన్నాయి. ఎవరో ఆకతాయిలు చీకట్లో వచ్చి, అన్ని కెమెరాల కళ్ళు కప్పి, పని ముగించి వెళ్ళారు.

ఈ సంఘటనను మరో విధంగా చూడండి. వలయాలను మనుషులు గీయలేరని, గీస్తే దొరికిపోతారని అంతవరకు వాదించారు. అంత కాపలా మధ్య మనుషులు గీసి, దొరకకుండా పోవచ్చని ఆ రాత్రి రుజువైంది. కాని ఆ పాఠాన్ని ఎవరూ నేర్చుకోలేదు. ఇది ఒక్కటే దొంగది, మిగతావి అసలైనవి అని సరిపెట్టుకొన్నారు.

ఇద్దరు స్నేహితులు, ఒక చెక్క

1991 సెప్టెంబరు 9న లండన్ నుంచి వెలువడే ‘టుడే’ దినపత్రిక ఈ గుట్టు రట్టు చేసింది. సౌతాంప్టన్‌కు చెందిన ఇద్దరు మిత్రులు, 67 ఏళ్ళ డగ్ బోవర్, 62 ఏళ్ళ డేవ్ చార్లీ, ఈ వలయాలు మొదలుపెట్టింది తామేనన్నారు. బొమ్మలు గీయడం వారిద్దరికీ సరదా. 1970వ దశకం చివర్లో ఒక వేసవి సాయంత్రం చేల పక్కన కూర్చున్నప్పుడు బోవర్‌కు ఆస్ట్రేలియా ‘గూడు’ వార్త గుర్తుకు వచ్చింది. ఇక్కడ కూడా అలాంటిది ఒకటి చేస్తే ఎగిరే పళ్ళెం దిగిందని జనం అనుకొంటారు కదా అన్నాడు. ఆ సరదాయే పన్నెండు పదమూడేళ్ళు సాగింది. మొదట్లో వాళ్ళు గీసినవి ఎవరి కంటా పడలేదు. అందుకే రోడ్డు మీదికి కనిపించే చీజ్‌ఫుట్ హెడ్‌ను ఎంచుకొన్నారు. గాలి సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చాక, గాలి గీయలేని నిటారు గీతలు చేర్చారు. రాత్రిళ్ళు భర్త ఎక్కడికి వెళుతున్నాడో తెలియక, కారు తిరిగిన మైళ్ళు చూసి బోవర్ భార్యకు అనుమానం వచ్చిందని, దానితో ఇంట్లో గుట్టు విప్పక తప్పలేదని పత్రికలు రాశాయి.

ఎవరో వచ్చి మేమే చేశామన్నంత మాత్రాన నమ్మాలా? నమ్మనక్కరలేదు. అందుకే ‘టుడే’ పత్రిక ఒక పరీక్ష పెట్టింది. కెంట్ కౌంటీలోని సెవెనోక్స్ దగ్గర చేలో విలేకరుల సమక్షంలో ఆ ఇద్దరూ ఒక బొమ్మ గీశారు. తర్వాత డెల్గాడోను పిలిచి చూపించారు. ఆయన శ్రద్ధగా పరిశీలించి, ఇది మనుషులు చేయగలిగింది కాదన్నాడు. అప్పుడు గీసినవారిని ఆయన ముందుకు తీసుకువచ్చారు. తాను మోసపోయానని డెల్గాడో హుందాగా ఒప్పుకొన్నాడు.

అదే వేసవిలో మరో పరీక్ష జరిగింది. వెసెక్స్ స్కెప్టిక్స్ అనే హేతువాద బృందం విల్ట్‌షైర్‌లోని క్లెంచ్ కామన్ దగ్గర ఒక వలయం గీసింది. టెలివిజన్ కెమెరా ముందు మీడెన్ దాన్ని పరిశీలించి, అసలైనదే అన్నాడు. చాలా ఏళ్ళు చేలలో తిరిగి సేకరించిన అనుభవం ఆయనది. కాని అసలును, నకిలీని వేరు చేయగలనా అని తనను తాను ఎప్పుడూ పరీక్షించుకోలేదు. ఆ తర్వాత ఆయన చిక్కుబొమ్మలన్నీ మనుషులవేనని ఒప్పుకొని, సాదా వలయాలకే తన సిద్ధాంతాన్ని పరిమితం చేశాడు.

ఈ రెండు పరీక్షల్లో గొప్ప యంత్రాలేవీ వాడలేదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నను, జవాబు తెలియని నిపుణుడి ముందు పెట్టారు. అంతే. పదేళ్ళ వాదోపవాదాలు తేల్చలేనిది దీనితో తేలిపోయింది.

మీరూ లెక్క వేసి చూడండి

వాళ్ళు వాడిన సామాను ఇది: సుమారు నాలుగు అడుగుల చెక్క, దాని రెండు కొసలకూ కట్టిన తాడు, దూరం కొలిచేందుకు మరో తాడు, టోపీకి తగిలించిన తీగ చుట్ట. చెక్క మీద కాలు పెట్టి, తాడును చేతులతో పట్టుకొని, అడుగు అడుగూ నొక్కుతూ నడిస్తే పైరు ఒకవైపు ఒరుగుతుంది. తీగ చుట్టలోంచి దూరాన ఉన్న ఒక చెట్టునో దీపాన్నో చూస్తూ నడిస్తే గీత వంకర పోదు.

ఇప్పుడు లెక్క. వలయం వ్యాసార్ధం 10 మీటర్లు అనుకోండి. వైశాల్యం 3.14 × 10 × 10 = 314 చదరపు మీటర్లు. చెక్క పొడవు 1.2 మీటర్లు. కాబట్టి మొత్తం నడవవలసిన దూరం 314 ÷ 1.2, అంటే సుమారు 262 మీటర్లు. నెమ్మదిగా నిమిషానికి 20 మీటర్ల చొప్పున నొక్కుకొంటూ పోయినా 13 నిమిషాల్లో వలయం పూర్తవుతుంది! ఇంగ్లండులో వేసవి రాత్రి చిన్నదే. అయినా గట్టి చీకటి నాలుగైదు గంటలు ఉంటుంది. నలుగురైదుగురు ముందే కాగితం మీద నమూనా వేసుకొని దిగితే ఎంత చేయవచ్చో మీరే ఊహించండి.

మరి అడుగుల జాడ? అక్కడి చేలలో మందు చల్లే ట్రాక్టరు చక్రాలు ప్రతిసారీ ఒకే దారిన వెళ్ళడం వల్ల పైరు లేని సన్నని బాటలు ఉంటాయి. వాటి వెంట నడిస్తే ఒక్క కంకి కూడా కదలదు. కాడలు విరగకపోవడం? ఆ నెలల్లో గోధుమ కాడ పచ్చిగా ఉంటుంది. నెమ్మదిగా నొక్కితే వంగుతుంది, విరగదు.

ఇక ఆ జ్యామితి సౌందర్యం సంగతి. అంత కచ్చితమైన ఆకారాలు మానవమాత్రులు చీకట్లో గీయలేరని చాలామంది అన్నారు. దీనికి మన దగ్గర మంచి జవాబే ఉంది. యజ్ఞవేదికలకు కొలతలు చెప్పిన మన ప్రాచీన శుల్బసూత్రాల పేరులోని ‘శుల్బం’ అంటే తాడే. ఒక తాడు, ఒక మేకు ఉంటే వృత్తం వస్తుంది. అదే తాడును మార్చకుండా వృత్తం చుట్టూ ఆరుసార్లు కొలిస్తే షడ్భుజి వస్తుంది. అంత దూరం వెళ్ళడమెందుకు? సంక్రాంతి నెలలో వేకువ చీకట్లో మన ఇళ్ళ ముందు ఏ కొలబద్దా లేకుండా తీర్చిదిద్దే చుక్కల ముగ్గులు చూడండి. తెల్లవారి లేచి వాటిని చూసి, ఇది గ్రహాంతర వాసుల పని అని మనం అనుకోం. గీసే చేయి మనకు తెలుసు కాబట్టి! ఇంగ్లండు చేలలో లోపించింది ఆ చేయిని చూసిన సాక్షి మాత్రమే.

‘అన్నీ వాళ్ళే గీశారా?’

ఇద్దరు మనుషులు వందల కొద్దీ వలయాలు ఎలా గీస్తారు అని నమ్మినవారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ వాళ్ళు గీయలేదు. పత్రికల్లో, టెలివిజన్‌లో చూసి మరెందరో నేర్చుకొన్నారు. 1992 జులైలో బకింగ్‌హాంషైర్‌లోని వెస్ట్ వైకూంబ్ దగ్గర బహిరంగంగా వలయాల పోటీ పెట్టారు. ఇచ్చిన నమూనాను రాత్రివేళ చేలో గీయాలి. హెలికాప్టర్ల కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు తాడు, పైపు, చెక్క, నిచ్చెనల వంటి మామూలు వస్తువులతో గీసి గెలిచారు. అదే ఏడు బోవర్, చార్లీలకు భౌతికశాస్త్రంలో ‘ఇగ్ నోబెల్’ అనే పరిహాస బహుమతి వచ్చింది.

ఎవరు గీశారో తేలనివి ఇప్పటికీ ఉన్నాయి. 2001 ఆగస్టులో విల్ట్‌షైర్‌లోని మిల్క్ హిల్ మీద 409 వృత్తాలతో, సుమారు 240 మీటర్ల వెడల్పున వెలిసిన బొమ్మ అలాంటిదే. కాని దొంగ దొరకని ప్రతి దొంగతనాన్నీ దెయ్యం చేసిందనం కదా! మనుషులు చేయగలరని రుజువైన పనికి మరో కారణం ఉందనేవారే ఆ కారణాన్ని నిరూపించాలి.

పటం కూడా ఒక సాక్ష్యం చెబుతుంది. 2002లో ఇంగ్లండులో వెలిసిన వలయాలను జెరెమీ నార్త్‌కోట్ అనే పరిశోధకుడు పటం మీద గుర్తించి చూశాడు. అవి ఎక్కడ పడితే అక్కడ లేవు. రోడ్లకు దగ్గరగా, జనం ఉండే ప్రాంతాల్లో, స్టోన్‌హెంజ్, ఎవ్‌బరీ వంటి ప్రాచీన శిలా కట్టడాల చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నాయి. గాలికి స్టోన్‌హెంజ్ తెలియదు. చూడటానికి జనం వస్తారని తెలిసినవారికే తెలుసు.

కణుపుల వాదన

చివరగా వృక్షశాస్త్రం నుంచి ఒక వాదన వచ్చింది. అమెరికాకు చెందిన డబ్ల్యు. సి. లెవెన్‌గుడ్ 1994లో ఒక పరిశోధన పత్రికలో వ్యాసం ప్రచురించాడు. వలయాల్లోని మొక్కల కణుపులు బయటి మొక్కల కణుపులకన్నా సాగి ఉన్నాయని, ఏదో శక్తి వాటిని వేడెక్కించి ఉండాలని ఆయన భావన.

మీరు జీవశాస్త్రంలో గురుత్వానువర్తనం చదివే ఉంటారు. గోధుమ, వరి వంటి గడ్డిజాతి మొక్కను నేలకు వంచితే, కణుపు దగ్గరి కింది వైపు కణాలు ఎక్కువగా సాగుతాయి. దానితో కాడ మళ్ళీ పైకి లేస్తుంది. పడిపోయిన వరి రెండు మూడు రోజుల్లో తల ఎత్తడం రైతులందరికీ తెలుసు. కాబట్టి ఏ కారణంతో పడిన పైరులోనైనా కణుపులు సాగుతాయి. పడిన మొక్కను నిలబడిన మొక్కతో పోల్చితే లాభం లేదు. చెక్కతో పడగొట్టిన మొక్కతో పోల్చాలి. అదీ ఏ మొక్క ఎక్కడిదో కొలిచేవారికి తెలియకుండా కొలవాలి. 2005లో ఇటలీకి చెందిన గ్రాసీ, కోకియో, రుస్సో అనే పరిశోధకులు ఈ పనిని మళ్ళీ పరిశీలించి, ఆ పద్ధతిలో లోపాలున్నాయని చూపారు. సరైన పోలిక లేని ప్రయోగం ఎంత ఖరీదైన పరికరంతో చేసినా సరైన జవాబు ఇవ్వదు.

నష్టపోయింది ఎవరు?

గుట్టు బయటపడిన తర్వాత కూడా వలయాలు ఆగలేదు. 2011 జనవరిలో ఇండోనేషియాలోని యోగ్యకర్త ప్రాంతంలో, స్లెమాన్ దగ్గర వరిచేలో వలయం వెలిస్తే జనం విరగబడ్డారు. ఆ దేశపు అంతరిక్ష సంస్థ లాపాన్ అది మనుషుల పనేనని చెప్పింది. 2013 డిసెంబరులో కాలిఫోర్నియాలోని చువాలార్ దగ్గర వెలిసిన వలయం ఎన్‌విడియా అనే చిప్పుల కంపెనీ వేయించిన ప్రకటన అని కొద్ది రోజుల్లోనే బయటపడింది. సరదాగా మొదలైన పని వ్యాపారమైంది.

ఇదంతా వినోదమే కదా అనుకోవచ్చు. రైతు వైపు నుంచి చూడండి. నేలకు నొక్కిన పైరును కోత యంత్రం సరిగా అందుకోలేదు. దాన్ని చూడ వచ్చిన జనం తొక్కిన పైరు అంతకన్నా ఎక్కువ. 2000లో విల్ట్‌షైర్‌లో ఏడు కోణాల నక్షత్రం గీసిన ఒకతనికి పంట పాడుచేసినందుకు కోర్టు జరిమానా వేసింది. అలాంటి నక్షత్రం మనిషి గీయలేడని ఒక నమ్మకస్తుడు అన్నందుకు గీసి చూపించానన్నాడతను. వాదన గెలిచింది, కాని నష్టం రైతుది. చార్లీ 1996లో, బోవర్ 2018లో మరణించారు.

మన దేశంలో 1995 సెప్టెంబరు 21ని గుర్తు చేసుకొందాం. వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త ఒక్క రోజులో దేశమంతా పాకింది. కేంద్ర ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఢిల్లీలో ఒక ఆలయానికి వెళ్ళి పాలలో రంగు కలిపారు. చెంచాలోంచి తలతన్యత వల్ల బయటికి వచ్చిన పాలు విగ్రహం మీదుగా సన్నని పొరలా జారిపోతున్నాయని ఆ రంగు చూపించింది. ఎవరి భక్తినీ వెక్కిరించలేదు. చిటికెడు రంగు కలిపారు, అంతే. సెవెనోక్స్ చేలో జరిగిన పరీక్షకు, దీనికి పోలిక మీకు కనిపిస్తున్నది కదా! రెండు చోట్లా ఒక చిన్న ఏర్పాటు, కంటికి కనిపించని దాన్ని కనిపించేలా చేసింది.

1976లో చేసిన సవరణ ద్వారా మన రాజ్యాంగం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. అది పరీక్షలో రాసే మాటగా మిగిలిపోకూడదు. రేపు ఒక వింత ఫోటో మీ చేతికి వస్తే ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ పని మామూలు పద్ధతిలో జరిగే వీలుందా? ఎలాంటి ఫలితం వస్తే ఈ వివరణ తప్పవుతుందో చెప్పేవారు ముందుగా చెప్పారా? దేనితో పోల్చారు? చూసి చెప్పగలనన్న నిపుణుణ్ణి జవాబు తెలిసిన ప్రశ్నతో ఎవరైనా పరీక్షించారా?

ఒక ప్రయోగం కూడా చేయండి. బడి మైదానంలో మీ మిత్రులు రెండు జట్లుగా విడిపోయి, తాడు, మేకు, సుద్దపొడితో ఒక్కో వలయం గీయాలి. ఏ జట్టు ఏది గీసిందో చూసి చెప్పగలనన్నవారిని పిలవండి. పదిసార్లు అడిగి, సరైన జవాబులు లెక్కపెట్టండి. సగానికి అటూ ఇటూ వస్తే అది ఊహ మాత్రమేనని మీకే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం మరవకండి. వలయం గీయడానికి మైదానం చాలు. రైతు చేను జోలికి వెళ్ళవద్దు.